క్యాంపు ఒక ఎత్తు, ఆఖరి రోజు ఒక ఎత్తు

మే నెలలో హార్స్లీ హిల్స్‌లో జరిగిన ఒక క్రైస్తవ యూత్ క్యాంపు మీద ఈ రివ్యూ. జమ్మలమడుగు నుంచి మా సంఘం ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆదివారం సండే స్కూల్ టీచర్‌ని, మిగతా రోజులు కుట్టుమిషనే నా లోకం. నిర్వాహకుల పేరు రాయడం లేదు, వాళ్ళతో అనాల్సింది ఫోన్లోనే అనేశాను. ఇది పిల్లల్ని ఇలాంటి క్యాంపుకు పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రుల కోసం.

మొదటి రోజుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఏ క్యాంపులోనైనా ఉండేవే: పొద్దున్నే మౌనధ్యానం, బైబిల్ స్టడీ, యాక్షన్ సాంగ్స్, క్విజ్, సాయంత్రం కబడ్డీ, త్రోబాల్, రాత్రి కూటం. అన్నీ టైముకు జరిగాయి. బైబిల్లోని మొదటి తిమోతి 4:12 కంఠత వాక్యం. అది రాని పిల్ల లేదు. చోటు గురించి కూడా వంక పెట్టడానికి లేదు. ఏనుగు మల్లమ్మ కొండగా ఉన్నదానికి కడప కలెక్టర్‌గా చేసిన హార్స్లీ దొర ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరు పడింది. 4 వేల అడుగుల పైన ఉంటుంది కాబట్టి, కింద మా ఊళ్ళో ఫ్యాను కింద కూడా ఉడికిపోయే రోజుల్లో ఇక్కడ పిల్లలు దుప్పటి కోసం కొట్టుకున్నారు.

అసలు సంగతి ఆఖరి రోజు. క్యాంపు ఎలాంటిదో ఆ రోజే తెలిసిపోతుంది.

తెల్లవారుజామున ప్రార్థనకు గాలిబండ దగ్గరికి తీసుకెళ్ళారు. మైకు పెట్టారు గానీ గాలి హోరుకు అందులోంచి బరబరమని తప్ప ఇంకేం వినబడలేదు. పెద్దాయన ఒకాయన మైకు పక్కన పడేసి, "దగ్గరికి రండమ్మా, ఇంకా దగ్గరికి" అని అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. చున్నీలు ఎగిరి పక్కవాళ్ళ మొహాల మీద పడుతున్నాయి, బైబిల్ పేజీలు బొటనవేళ్ళతో అదిమి పట్టుకున్నారు. ఆయన పది నిమిషాలు మాట్లాడి ఆపేశాడు. ఆ పూట చెప్పింది మా పిల్లలకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత స్టేజీ మీద చెప్పినవాటిలో ఒక్కటీ గుర్తులేదు.

టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అంతమందికి ఉగ్గాని చేయడం తేలిక కాదు, బొరుగులు నీళ్ళలో ఒక్క నిమిషం ఎక్కువ నానితే ముద్దయిపోతాయి. వంటామె చిన్న చిన్న మోతాదుల్లో తడిపి, నీళ్ళు పిండేసి, తిరగమోతలో వేసి, ఒక్కో వాయి అయ్యాక ఒక్కో గ్రూపును పిలిచింది. చివరి గ్రూపుకు కూడా వేడిగానే దొరికింది. వేయించిన పప్పుల పొడి పైన చల్లడం మర్చిపోలేదు. ఈ క్యాంపులో ఎవరికైనా శాలువా కప్పాలంటే ముందు ఆమెకే కప్పాలి. కప్పలేదు లెండి.

శాలువాలంటే గుర్తొచ్చింది. తొమ్మిదిన్నరకు మొదలవ్వాల్సిన ముగింపు కూటం అతిథులు కింది నుంచి కొండ ఎక్కి వచ్చేదాకా ఆగింది. పిల్లలు పాడిన పాటలే మళ్ళీ పాడారు. అతిథులు వచ్చాక ఒక్కొక్కరికీ పరిచయం, దండ, శాలువా, ఫోటో. ఆ పైన "రెండు మాటలు" చెప్పమంటే ఏ ఒక్కరూ రెండు మాటలతో దిగలేదు. ఇందులో నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ రోజు పిల్లలు తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల రోజని ప్రోగ్రాం కాగితంలో వాళ్ళే అచ్చు వేయించారు. చివరికి పిల్లలకు తలా ఒక్క నిమిషం మిగిలింది.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి, క్యాంపంతా నోరు విప్పనిది, లేచి ఇంట్లో నాన్న తాగుడు గురించి చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పూడుకుపోయి ఆగింది. ప్రోగ్రాం నడిపించే అన్న "స్తోత్రం, నెక్స్ట్" అని మైకు అందుకున్నాడు. ఆ అమ్మాయి గ్రూపు లీడరు అక్క మాత్రం వెనకాలే వెళ్ళి, మెట్ల మీద పక్కన కూర్చుని, భోజనాల దాకా కదల్లేదు. లీడర్లు అందరూ ఇలాంటివాళ్ళే, ఆ విషయంలో ఈ క్యాంపుకు నూటికి నూరు.

అయితే అదంతా యూట్యూబ్‌లో లైవ్ వెళ్తోందని పిల్లలకు ఎవరూ చెప్పలేదు. స్టాండు మీద ఫోన్ పెట్టి ఉంటే ఫోటోల కోసమేమో అనుకున్నారు. ఒక ఆడపిల్ల ఇంటి గుట్టు ఊరు ఊరంతా చూసేలా పెట్టడం ఏం పరిచర్య? నేను అడిగాక ఆ వీడియో తీసేశారు, వాదించలేదు, సారీ కూడా చెప్పారు. కానీ అడక్కపోతే ఉండేదే కదా.

తర్వాత సమర్పణ కార్డులు పంచారు. రక్షణ పొందాను, బాప్తిస్మం తీసుకోవాలనుకుంటున్నాను, దేవుని సేవకు సమర్పించుకుంటున్నాను అని మూడు గడులు, కింద సంతకం. సేవకు వచ్చేవాళ్ళు లేచి నిలబడండి అంటే ముందు నలుగురు లేచారు, వాళ్ళను చూసి వరుసలకు వరుసలే లేచాయి. పదిహేనేళ్ళ పిల్లలు పక్కవాళ్ళను చూసి లేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు. మా పిల్లల్లో ఒకతి ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా "ఆలోచించుకొని చెప్తాను" అని రాసిచ్చింది. లీడరు అక్క చదివి నవ్వి, "సరే తల్లీ, తొందరేం లేదు" అని కార్డు తీసుకుంది. ఆ రోజు స్టేజీ కింద జరిగిన మంచి పనుల్లో ఇదొకటి.

సర్టిఫికెట్లలో సగం పేర్లు తప్పు అచ్చయ్యాయి. గ్రూప్ ఫోటో తీస్తుండగా కోతులు చిరుతిళ్ళ సంచి ఎత్తుకెళ్ళాయి. భోజనం చికెన్ పలావు, పెరుగు పచ్చడి, శాకాహారులకు టమాటా పప్పు. మదనపల్లె పక్కన ఉండి టమాటాకు కరువేమిటి!

దిగేటప్పుడు జరిగింది ప్రోగ్రాం కాగితంలో లేదు. పొద్దున గాలిబండ మీద మాట్లాడిన పెద్దాయన మా బస్సులోనే ఎక్కి, మదనపల్లె దాపున ఆరోగ్యవరంలో ఆపించాడు. అది క్షయ రోగుల కోసం కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన శానిటోరియం, 1915 నుంచి అక్కడ ఉంది. డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ అనే డెన్మార్క్ ఆయన దానికి మొదటి పెద్ద డాక్టరు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. మన దేశంలో 1948లో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటని పెద్దాయన చెప్తుంటే, పిల్లలు భుజాల మీది టీకా మచ్చలు తడుముకున్నారు. నర్సింగ్ చదివే మా అమ్మాయి ఒకతి ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఇంటికి అంటుకుంటుందని వెలేసిన రోగిని దగ్గరికి తీసుకోవడం అంటే ఏమిటో ఆయన ప్రసంగంలా చెప్పలేదు, చెట్ల కింద నడుస్తూ చెప్పాడు. మా జమ్మలమడుగు పిల్లలకు మిషన్ ఆసుపత్రి కొత్త కాదు, క్యాంబెల్ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళే చాలామంది. అయినా అంత శ్రద్ధగా వినడం నేను ఎప్పుడూ చూడలేదు. ముగింపు కూటమే ఇక్కడ పెట్టి ఉండాల్సింది.

రేటింగ్ అడిగితే అయిదుకు మూడున్నర ఇస్తాను. లీడర్లకు, వంటకు అయిదు. ముగింపు కూటానికి ఒకటి, అది కూడా పాటలు పాడిన పిల్లల కోసం. బాత్రూములు శుభ్రమే గానీ మధ్యాహ్నం నీళ్ళు రావు, బకెట్లు పొద్దున్నే నింపుకోవాలి.

వచ్చే వేసవికి కూడా పిల్లల్ని తీసుకెళ్తాను. మీరు పంపేట్టయితే పేరు ఇచ్చే రోజే వీడియో సంగతి అడగండి, మీకు ఇష్టం లేకపోతే ఫారంలోనే రాసివ్వండి. స్వెట్టర్ పెట్టండి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలుంటే బస్సులో ముందు సీటు, చేతికి ఒక నిమ్మకాయ ఇచ్చి పంపండి.