పోర్చుగల్ కింది లీగుల ఫార్వర్డ్ గురించి తెలుసుకోవాలంటే జీరోజీరో సైటు: ఎలా చూడాలి, ఎక్కడ పప్పులో కాలేస్తాం

ఏదో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, ఫుట్‌బాల్) క్లబ్బు పేరెప్పుడూ వినని పోర్చుగల్ ఫార్వర్డ్‌ని (ముందువరసలో ఆడి గోల్స్ కొట్టేవాణ్ణి) తెచ్చిందనగానే బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఫోన్లు బయటికొస్తాయి. కెరీర్‌లో గోల్స్ ఎన్ని? అందరూ మొదట అడిగేది ఇదే. యూట్యూబ్ వీడియోని నమ్ముకుంటే లాభం లేదు, అందులో గోల్స్ తప్ప మిస్సయిన షాట్లు పెట్టరు. ఇలాంటి ఆటగాళ్లకి బాగా పనికొచ్చేది జీరోజీరో. పోర్చుగీసు సైటు, డబ్బు కట్టకుండానే చూడొచ్చు. అదే సమాచారం ఇంగ్లీషులో ప్లేమేకర్‌స్టాట్స్ అనే పేరుతో ఉంది, మనకి అదే సుఖం.

ముందు పేరు దగ్గర జాగ్రత్త. పోర్చుగీసు ఆటగాళ్లు చాలామంది ఒక్క ముక్క పేరుతోనే చలామణీ అవుతారు. 'ఎడెర్' అని వెతికితే 2016 యూరో (యూరప్ దేశాల కప్పు) ఆడిన ఎడెర్‌లే ఇద్దరు. ఒకడు పోర్చుగల్ వాడు, 1987లో బిస్సావులో పుట్టాడు. ఇంకొకడు బ్రెజిల్‌లో పుట్టి ఇటలీకి ఆడాడు, 1986 వాడు. కాబట్టి పేరుతో పాటు పుట్టిన సంవత్సరం, దేశం సరిచూసుకున్నాకే పేజీ తెరవాలి.

పేజీలో సీజన్‌కొక వరుస ఉంటుంది: క్లబ్బు, మ్యాచ్‌లు, గోల్స్. అడుగున ఉండే మొత్తం అంకె చూసి తీర్పు చెప్పేస్తే తప్పులో పడ్డట్టే. పోర్చుగల్ ఎడెర్‌నే తీసుకోండి. మూడో స్థాయి క్లబ్బు తూరిజెన్స్ నుంచి 2008లో అకడెమికాకి, 2012లో బ్రాగాకి, 2015లో ఇంగ్లండ్ లీగులో ఆడే స్వాన్సీకి వెళ్లాడు. 2015-16 సీజన్ రెండు ముక్కలు: స్వాన్సీలో లీగ్ గోల్ ఒక్కటీ లేదు, మధ్యలో లోన్ మీద (అంటే అరువుగా) ఫ్రాన్స్ క్లబ్బు లీల్‌కి వెళ్లాక మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. ఆ వేసవే, జులై 10న, ఫ్రాన్స్ మీద ఫైనల్లో 109వ నిమిషంలో కొట్టిన గోల్‌తో పోర్చుగల్ యూరో గెలిచింది. రెండు వరుసలూ కలిపేసి చూసినవాడికి ఈ తేడా కనబడదు.

అసలు చిక్కు లీగు పేర్లలో ఉంది. 'కాంపియోనాటో ద పోర్చుగల్' అని రాసుంటే 2021 దాకా అది మూడో స్థాయి. 2021-22లో లీగా 3 మొదలయ్యాక అదే పేరు నాలుగో స్థాయికి దిగింది. పేరొకటే, మెట్టు మారింది. 2013కి ముందు సీజన్లలో మూడో స్థాయి పేరు సెగుండా డివిజన్, 2005 దాకా దాని చివర 'బి' కూడా ఉండేది. రాయగడ టోర్నమెంట్‌లో కొట్టిన గోలూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలో కొట్టిన గోలూ ఒకటి కాదని మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా, ఇక్కడా అంతే.

రెండో స్థాయిలో ఇంకో మెలిక. 2014-15లోనూ 2015-16లోనూ అక్కడ 24 జట్లు, అంటే సీజన్‌కి 46 మ్యాచ్‌లు. ఇప్పుడు 18 జట్లు, 34 మ్యాచ్‌లు. అప్పటి 15 గోల్స్‌ని ఇప్పటి 15 గోల్స్ పక్కన పెడితే లెక్క తప్పుతుంది. 2019-20లో కరోనా వల్ల 24 రౌండ్లకే ఆపేశారు, ఆ ఏడు గోల్స్ తక్కువ కనబడితే ఆటగాణ్ణి తిట్టకండి. బెన్‌ఫికా, పోర్టో లాంటి పెద్ద క్లబ్బుల బి జట్లు (కుర్రాళ్లతో నడిపే రెండో జట్లు) కూడా ఈ లీగులోనే ఆడతాయి. వరుసలో 'బి' అన్న అక్షరం చూడకపోతే కుర్రాడు పెద్ద జట్టుకే ఆడాడని అనుకుంటాం.

మ్యాచ్‌ల కంటే నిమిషాలే నిజం చెబుతాయి. 20 మ్యాచ్‌లు, 600 నిమిషాలు అంటే సగటున అరగంట. చివర్లో సబ్‌గా దిగేవాడన్నమాట. 1,800 నిమిషాల్లో 12 గోల్స్ అంటే 150 నిమిషాలకొకటి, ఈ స్థాయిలో మంచిదే. అందులో పెనాల్టీలు ఎన్నో మ్యాచ్ పేజీలు తెరిచి చూసుకోవాలి. విసుగు పనే, కానీ సెంటర్ ఫార్వర్డ్ విషయంలో మానకూడదు. జిల్లా లీగుల దాకా దిగితే నిమిషాల గళ్లు ఖాళీగా ఉండొచ్చు. ఖాళీని సున్నా అనుకోవద్దు.

ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌తో (ఆటగాళ్ల బదిలీల సైటు) పోల్చి అడిగేవాళ్లు ఉంటారు. బదిలీ తేదీలకీ కాంట్రాక్టు గడువుకీ అది మేలు. అందులోని 'మార్కెట్ విలువ' మాత్రం అంచనా, క్లబ్బు నిజంగా కట్టిన సొమ్ము కాదు. పోర్చుగల్ కింది లీగులకి మొదట జీరోజీరో, తర్వాత సరిచూసుకోడానికి అది.

మ్యాచ్ టైములు పోర్చుగల్ గడియారంలో ఉంటే చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు కలుపుకోండి. అక్కడ ఆదివారం మధ్యాహ్నం 3 అంటే జనవరిలో మనకి రాత్రి 8:30, ఏప్రిల్‌లో 7:30.

జీరోజీరోకి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. తగ్గించిన ఒకటీ ఎందుకంటే, ఆటగాడు బంతి లేనప్పుడు పరిగెత్తుతాడా, గాల్లో బంతికి లేస్తాడా అన్నది ఏ గడిలోనూ ఉండదు. దానికి పూర్తి మ్యాచ్ రికార్డింగు దొరికించుకుని చూడాల్సిందే.