మా ఫైబర్ బోటుకి పైకప్పు: మూడేళ్ల తర్వాత

కప్పు వేయించిన కొత్తలో ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: బోటు ఉయ్యాలలా ఎంత హాయిగా ఊగుతోందో అని. ఆ మాట ఇప్పుడు అనలేను.

బోటు 18 అడుగులు, వెడల్పు 5. నేనూ మా బావమరిదీ భీమిలి నుంచి గేలం వేటకి వెళ్తాం. ఎండకి తట్టుకోలేక ఇనుప పైపులు నిలబెట్టి ప్లైవుడ్ కప్పు వేయించాను. కప్పంటూ ఉన్నాక సామాను దాని మీదకే చేరుతుంది కదా. నీళ్ల క్యాను, లంగరు తాడు, వల మూట, కప్పు బరువు కలిపి 60 కిలోల దాకా తల మీద ఉండేది.

పోయిన చలికాలం మా అక్క పిల్లలిద్దర్నీ తీసుకెళ్లాం. గోస్తని నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేసరికి తాబేలు కనిపించిందని పిల్లలూ బావమరిదీ ఒక్కసారిగా కుడి అంచుకి వచ్చారు. బోటు ఒరిగింది. ఒరగడం మామూలే, అయితే ఈసారి తిరిగి లేవలేదు. అడుగున రెండంగుళాలు కూడా లేని నీళ్లు చెక్కల కింద గలగలమంటూ కుడివైపుకే పారాయి, దాంతో ఇంకాస్త వాలింది. అంచుకీ సముద్రానికీ మధ్య నా అరచేయంత జాగా. "కింద కూర్చోండ్రా!" అని అరిచాను. బావమరిది ఎడమ అంచు మీదకి దూకాడు. అప్పుడు లేచింది, చాలా నెమ్మదిగా. పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నారు. అయినా ఒడ్డుకొచ్చాక కూడా నా చేతుల వణుకు తగ్గలేదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన అంతా విని, "నెమ్మదిగా ఊగుతాందంటే సుఖం కాదు బాబూ, లేవలేకపోతాందని" అన్నాడు.

మర్నాడు నీళ్లు తోడేసి, ఒడ్డు దగ్గర తాడు వదులుగా కట్టి, బోటుని ఊపి లెక్కపెట్టాను. అటూ ఇటూ పోయి వస్తే ఒక ఊపు. పది ఊపులకి 38 సెకన్లు. వెడల్పుని మీటర్లలో 0.8తో గుణించి, ఒక ఊపు సెకన్లతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే మెటాసెంట్రిక్ ఎత్తు సుమారుగా వస్తుంది. ఒరిగిన బోటు ఎంత బలంగా లేస్తుందో చెప్పేది అదే. నాకు పది సెంటీమీటర్లే వచ్చింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలల్లో కప్పు పీకించేశాను. ఇప్పుడు అల్యూమినియం పైపుల మీద టార్పాలిన్. సామాను అడుక్కి దించి కట్టేశాను. ఇసుక మూటలు కూడా వేద్దామనుకున్నాను గానీ, బరువు పెరిగితే అంచు నీళ్లకి దగ్గరవుతుందని మానేశాను. పది ఊపులకి ఇప్పుడు 27 సెకన్లు, అంటే మెటాసెంట్రిక్ ఎత్తు దాదాపు రెట్టింపు.

మేం గాలి లేని పొద్దుల్లో, ఒడ్డు కనిపించేంత దూరమే వెళ్తాం కాబట్టి నాకిది సరిపోతోంది. ఒక పక్క నుంచి వల లాగేవాళ్లకి సరిపోతుందని చెప్పలేను. ఊపు చురుగ్గా ఉండటంతో బావమరిదికి మాత్రం ఇప్పుడు కడుపులో తిప్పుతోంది, వెళ్లే ముందు మాత్ర వేసుకుంటున్నాడు.