పంకాల విమానం, పన్నెండు చప్పుళ్లు

రాజమహేంద్రవరంలో ముందురోజు రాత్రి దిగిన లాడ్జి మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు కనుక, పిల్లవాడితో హైదరాబాదుకు చేసిన ఈ విమాన ప్రయాణం సంగతి అక్కడి నుంచే మొదలుపెడతాను. గదికి 2,600 రూపాయలు. మా పిల్లవాడు చప్పుళ్లకు తట్టుకోలేడని, ఉదయం విమానం ఎక్కాలని ఫోనులో రెండుసార్లు చెప్పి, ‘గది చాలా ప్రశాంతంగా ఉంటుందండి’ అన్న హామీ తీసుకున్న తరువాతే డబ్బు పంపాము. సాయంత్రం అమలాపురం నుంచి వచ్చి కిటికీ తెరిచేసరికి సరిగ్గా కిందే కల్యాణమండపం, దాని గుమ్మంలో మనిషెత్తు స్పీకర్లు నాలుగు కనిపించాయి. మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. రాత్రి పదకొండింటికి మావారు కిందికి వెళ్లి నిలదీస్తే, కౌంటరు దగ్గరున్న పెద్దమనిషి ఏమాత్రం తొణకకుండా, ‘ఆయ్, ముహూర్తం 4 గంటల 12 నిమిషాలకేనండి, ఆ తరువాత అంతా నిశ్శబ్దమేనండి’ అన్నాడట. వెనుకవైపు గది ఇస్తే అక్కడ జనరేటరు. దానికి తోడు వణికే ట్యూబులైటు. చివరికి పిల్లవాణ్ణి స్నానాలగదిలో, పరుపు మీది దుప్పటి పరిచి, తలుపు వేసి పడుకోబెట్టాను. మండపం ఉన్న లాడ్జిని పెళ్లిళ్ల రోజుల్లో ఎవరూ నమ్మవద్దని నా మాట. రాత్రి మూడింటికి ఇంటి దగ్గరే బయలుదేరినా మాకు ఇంతకన్న ఎక్కువ నిద్ర దక్కేది.

మావాడికి తొమ్మిదేళ్లు. కుక్కరు కూత, మిక్సీ, గుడి మైకు, ఏదైనా అకస్మాత్తుగా మోగితే చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోతాడు. హైదరాబాదులో మా తమ్ముడి గృహప్రవేశం. రైలు టికెట్లు దొరకలేదు. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి విమానానికి మనిషికి 4,310 రూపాయలని చూపగానే మావారు మొదట ధరకు, తరువాత పిల్లవాడికి భయపడ్డారు. నేను భయపడింది మాత్రం నా కోసమే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారి హెలికాప్టరు కైకలూరు సమీపంలో కూలిపోయిన కబురు వచ్చినప్పుడు నేను అమలాపురంలో బడిపిల్లను. కోనసీమలో ఆ రోజు ఏడవని ఇల్లు మాకు తెలిసినంతలో లేదు. హెలికాప్టరు వేరు, విమానం వేరు అని బుద్ధికి తెలుసు, కడుపులోని దిగులుకు తెలియదు. మా అమ్మ ఈనాటికీ ‘గాలిలో ప్రయాణం మన జాతకాలకు పడదు’ అంటుంది.

ధైర్యం నాకు కోటిపల్లి రేవులో దొరికింది. గోదావరి మీద ముక్తేశ్వరం వైపు దాటించే పంటు (ఇంజను పడవ) మీద మావాడు ఎప్పుడూ ఇంజను పక్కనే నిలబడతాడు, ఆ మోతకు బెదరడు. ఎందుకని అడిగితే, ‘సరంగు ముందే కేక వేస్తాడుగా’ అన్నాడు. అంటే వాణ్ణి బాధపెట్టేది మోత కన్న, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. విమానంలో ఆ కేక మనమే వేయాలి అనుకున్నాను. రెండు వారాల పాటు రోజూ సాయంత్రం, పంకాల విమానం లోపల ఎవరో తీసిన వీడియోను మొదట చాలా చిన్న శబ్దంతో, రోజురోజుకూ కాస్త పెంచుతూ చూపించి, వరుసగా వచ్చే చప్పుళ్లను ఒక కాగితం మీద రాయించాను. పన్నెండు తేలాయి. మిల్లుల్లో పనివాళ్లు పెట్టుకునే చెవిదొప్పలు 650 రూపాయలకు కొన్నాము; పిల్లవాడి తలకు వదులైతే మా అత్తగారు లోపల గుడ్డ కుట్టి ఇచ్చారు. మా ఆడపడుచు మాత్రం ఇదంతా ఎందుకు, కాస్త దగ్గుమందు పోస్తే నిద్రపోతాడు గదా అంది. అలాంటి మందుతో కొందరు పిల్లలు నిద్రపోకపోగా మరింత చెలరేగుతారని డాక్టరుగారు గట్టిగా మందలించారు.

సీట్ల విషయంలో నా సలహా మొహమాటం లేనిది. మధురపూడి–హైదరాబాదు మధ్య ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ రకం చిన్న పంకాల విమానాలు; నడవకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. వాటి మోత ముందు వరుసల్లో, పంకాల దగ్గర, ఎక్కువ, వెనుక తక్కువ. పెద్ద జెట్ విమానాల్లో రెక్కల వెనుక మోత ఎక్కువని చదివి అదే లెక్కతో ఇక్కడ ముందు కూర్చుంటే మోసపోతారు. సీటు ఎంచుకోవడానికి మనిషికి 250 రూపాయలు పెట్టి వెనుక మూడో వరుస తీసుకున్నాము. ఉదయం విమానమే ఎంచుకోండి. ఎండకు నేల కాగి గాలి పైకి లేచే మధ్యాహ్నం వేళ కుదుపులు ఎక్కువ.

మధురపూడి విమానాశ్రయం చిన్నది, ఆ చిన్నదనమే మాకు మేలు చేసింది. తనిఖీ దగ్గర చెవిదొప్పలు తీయాలని ముందే కాగితంలో ఉంది కనుక వాడే తీసి ట్రేలో పెట్టాడు. విమానం వెనుక తలుపు దగ్గర నిలబడిన అమ్మాయికి కాగితం చూపించాను. ఆమె దాన్ని పూర్తిగా చదివి, పెన్ను అడిగి, నాలుగో చప్పుడు పక్కన ‘ఇది కాస్త గట్టిగా ఉంటుంది, కాలి కింద’ అని తెలుగులో రాసి ఇచ్చింది. లేచిన కొద్ది క్షణాలకు చక్రాలు మడుచుకునే చప్పుడు అది. ఆ తరువాత వచ్చే అయిదోది మోత ఒక్కసారిగా తగ్గడం. ఇంజను ఆగిపోయిందని నా గుండె జారింది. ‘అయిదు!’ అని వాడు వేలు చూపించి నవ్వాడు. ఎక్కేటప్పుడు కావలసినంత బలం పైన అవసరం లేక పైలట్లు తగ్గిస్తారంతే. నేను నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు వదిలే పని మానకుండా చేస్తుంటే, ఎడమ కిటికీలో గోదావరి, వంతెనలు, వాటికి దిగువన లంకల మధ్య నాలుగు ముక్కలుగా సాగిన ధవళేశ్వరం ఆనకట్ట కనిపించాయి. మావారు అప్పటిదాకా లాడ్జివాణ్ణి తిట్టుకుంటున్నవారు, అదిగో ర్యాలి, ఇదిగో విజ్జేశ్వరం అంటూ నడవ అవతలి నుంచి మా ఒళ్లోకి వంగిపోయారు.

దిగేటప్పుడు చెవుల నొప్పి సంగతి చాలామంది చెప్పరు. కిందికి వచ్చేకొద్దీ విమానంలో గాలిపీడనం పెరుగుతుంది; గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని గొట్టం తెరుచుకుంటే గాని చెవి లోపలి పీడనం దానితో సమానం కాదు. మింగినా, ఆవులించినా అది తెరుచుకుంటుంది. దిగడం మొదలవగానే వాడి నోట్లో బెల్లం జీడి పెట్టాను. నమిలి మింగేందుకు అంతకన్న సాగే వస్తువు ప్రపంచంలో లేదు. జలుబు ఉంటే ఆ గొట్టం వాచి తెరుచుకోదు కనుక ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది.

హైదరాబాదులో నాలుగు రోజులు సుఖంగా గడిచాయి. తిరుగు ప్రయాణానికి మాత్రం బుద్ధి పుట్టి, పిల్లవాడికి సహాయం కావాలని, నిబంధన ప్రకారం 48 గంటల ముందే విమాన సంస్థకు ఫోను చేశాను. మూడుసార్లు, మొత్తం 50 నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి ‘సహాయం నమోదైంది’ అన్నారు. కౌంటరుకు వెళ్తే చక్రాల కుర్చీ తెచ్చి నిలబెట్టారు! కాళ్లు బాగానే ఉన్నాయి, చెవులకే ఇబ్బంది అంటే, ‘మా దగ్గర ఉన్న సహాయం ఇదేనండి’ అన్నారు. మావారు సిగ్గుతో పక్కకు జరిగిపోయారు. పిల్లవాడు మాత్రం మహారాజులా ఎక్కి కూర్చున్నాడు. ఆ కుర్చీ పుణ్యమా అని జనం లేని వరుసలో వెళ్లిన మాట నిజం కనుక పూర్తిగా తిట్టలేను. బయటికి కనిపించని ఇబ్బందులున్న వాళ్లు పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ పట్టీ మెడలో వేసుకుంటే సిబ్బంది గుర్తించే పద్ధతి 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది, బెంగళూరులోనూ ఉంది. ఫోను మీద 50 నిమిషాల కన్న అలాంటి పట్టీ ఒకటి చాలు.

మధురపూడి నుంచి అమలాపురానికి టాక్సీ 2,800 అయింది. రావులపాలెం దాటాక లెక్కలు వేసిన మావారు వచ్చేసారి గౌతమి ఎక్స్‌ప్రెస్సే అని తేల్చారు. వెనుక సీట్లోంచి మావాడు కొత్త కాగితం చాచి, రైలుకు ఎన్ని చప్పుళ్లుంటాయో రాయమన్నాడు.