సెబులో కర్రసాము: ఏది దండగ, ఏది గిట్టింది

మొదటి తప్పు నాదే. ఫిలిప్పీన్స్‌లో సెబును ఆనుకుని ఉన్న మాక్టన్ దీవిలో సముద్రం పక్కనే రిసార్టు, అందులోనే ఎస్క్రిమా (అక్కడి కర్రసాము) క్లాసు కూడా ఉందని చూసి మూడు రాత్రులు బుక్ చేసేశాను. గదికి వంక పెట్టలేం. క్లాసు మాత్రం శుద్ధ దండగ. రెండు గంటలు కర్ర తిప్పించి, ఫొటో తీసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. 1521లో స్థానిక నాయకుడు లాపులాపు మనుషుల చేతిలో సముద్ర యాత్రికుడు మాజెల్లాన్ చనిపోయింది ఈ దీవిలోనే. అక్కడి లాపులాపు విగ్రహం చూడటమే ఆ మూడు రోజుల లాభం.

తర్వాత సెబు సిటీకి, ఫ్యూయెంటె ఒస్మెన్యా సర్కిల్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌కి మారాను. ఇరుకు గది, తెల్లారకముందే కోడికూతలు. అయినా నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లు సిటీలోనే దిగండి. మాక్టన్ నుంచి వంతెన దాటి వచ్చేసరికి ట్రాఫిక్‌లోనే ఒంట్లో ఓపిక అయిపోతుంది.

సిటీలో నాకు నేర్పిన గురువుగారిది ఎస్క్రిమాలో బాలింతవాక్ పద్ధతి. దీన్ని వెనాన్సియో బేకన్ అనే ఆయన 1952లో ఇదే ఊళ్లో మొదలుపెట్టారు. ఆయన నేర్పిన వీధి పేరే పద్ధతికి పేరైంది. ఒకటే పేము కర్ర, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో నిలబడి ఆడాలి. ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద, ఆరేసిన బట్టల పక్కన క్లాసు. డెబ్బై దాటిన మా గురువుగారిని అందరూ 'నోంగ్' అంటారు, మనం 'అన్నా' అన్నట్టు.

నా ధ్యాసంతా కర్ర మీదే. ఆయన కర్రతో నా ఎడమ చేతిని టక్కున తట్టి, "హినాయ్-హినాయ్" అన్నారు. మెల్లగా అని. ఎదుటివాడి కర్ర చేతిని నొక్కేది, పక్కకు తోసేది ఆ ఎడమ చెయ్యేనట. మా తాత పొడుగు కర్రను రెండు చేతులా పట్టి తిప్పేవాడు. ఖాళీ చేతికి ఇంత పని ఉంటుందని నాకిక్కడే తెలిసింది. దెబ్బలు జోరందుకుంటే కర్రల నుంచి కాలిన వాసన వస్తుంది. పేము కాబట్టి విరిగి గుచ్చుకోదు, పీచు లేస్తుందంతే. టేపు చుట్టి మళ్లీ అందుకోవడమే.

గంటకు 500 పెసోలు. రిసార్టులో ఇచ్చినదానితో ఇక్కడ వారం నేర్చుకోవచ్చు.

శాకాహారులకు తిండి కష్టమే. కొబ్బరాకు పొట్లంలో ఉడికించే 'పుసో' అన్నం, మామిడిపళ్లు, నేను తీసుకెళ్లిన కందిపొడితో నెట్టుకొచ్చాను.

కర్ర కొంటే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి. 28 అంగుళాల కర్ర నా సూట్‌కేసులో ఏటవాలుగా పెడితేనే పట్టింది.