రోమ్–ఫ్లోరెన్స్ ‘భోజన పర్యటన’ ప్యాకేజీలు కొనేవారికి హెచ్చరిక: మిగతా సొమ్ము కట్టేముందు టికెట్లు చూపించమనండి

ఇటలీలోని రోమ్, ఫ్లోరెన్స్ నగరాలు రెండూ చూపించి, అక్కడి వంటకాలు కూడా రుచి చూపిస్తామని చెప్పి అక్టోబరు నెలకు అమ్ముతున్న గ్రూప్ ప్యాకేజీల గురించి ఇది రాస్తున్నాను. దసరా సెలవులకని ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు, మిగతా సొమ్ము కట్టాల్సిన గడువు దగ్గరపడినవారు ముఖ్యంగా చదవాలని నా కోరిక. గత అక్టోబరులో మా కుటుంబం ఇలాంటి ప్యాకేజీలోనే వెళ్లింది. మా ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందువల్ల ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలియకపోయినా నష్టం లేదు, ఎందుకంటే జరిగిన మోసం ఏ సంస్థ ఇచ్చే షెడ్యూలులోనైనా ముందుగానే పట్టుకోగలిగినదే.

మాకు ఇచ్చిన షెడ్యూలులో ఆదివారం ఉదయం వాటికన్ మ్యూజియంలు, మధ్యాహ్నం టెస్టాచో మార్కెట్లో రుచుల నడక, సాయంత్రం ప్రాచీన రోమన్ క్రీడారంగమైన కొలోసియం ఉన్నాయి. సోమవారం ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీ, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం, రాత్రికి టస్కనీ (ఫ్లోరెన్స్ ఉన్న ప్రాంతం) భోజనం అని రాశారు. చదవడానికి ఎంతో నిండుగా ఉంది. అయితే వాటికన్ మ్యూజియంలు ఆదివారం తెరవరు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అప్పుడు కూడా మధ్యాహ్నం పన్నెండున్నర తరువాత లోపలికి రానివ్వరు. మేము వెళ్లినది చివరి ఆదివారం కాదు. టెస్టాచో మార్కెట్‌కు ఆదివారం సెలవు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీకీ, అసలు డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా గ్యాలరీకీ సోమవారం సెలవు. అంటే ఏ ఆకర్షణల పేరు చెప్పి మా దగ్గర డబ్బు తీసుకున్నారో, వాటిలో చాలావాటిని సరిగ్గా అవి మూసి ఉండే రోజుల్లోనే పెట్టారు. ప్రతి ఏటా వందల మందిని యూరప్ పంపే సంస్థకు ఈ సెలవులు తెలియవంటే నేను నమ్మను. మూసి ఉన్న చోట ప్రవేశ టికెట్ కొనక్కర్లేదు, గైడుకు రుసుము ఇవ్వక్కర్లేదు. ఆ మేరకు మిగిలేది వారికే.

మేము అడిగినప్పుడల్లా టూర్ మేనేజరు చూపించిన సమాధానం ఒక్కటే. షెడ్యూలు చివరి పేజీలో చిన్న అక్షరాలతో, ‘స్థానిక పరిస్థితులను బట్టి లోపలి సందర్శన బదులు ఫోటో స్టాప్ ఇవ్వబడును’ అని ఒక వాక్యం ఉంది. స్థానిక పరిస్థితి అంటే సమ్మె, వరద, హఠాత్తుగా వచ్చిన మూసివేత కావచ్చు. ఏళ్ల తరబడి అమల్లో ఉన్న వారపు సెలవును స్థానిక పరిస్థితిగా చూపించడం న్యాయం కాదు.

డేవిడ్ విషయంలో జరిగినది మరీ బాధ కలిగించింది. సోమవారం మధ్యాహ్నం మమ్మల్ని పియాత్సా దెల్లా సిన్యోరియా అనే కూడలికి తీసుకెళ్లి, పాత పురపాలక భవనం ముందున్న విగ్రహం దగ్గర నిలబెట్టి, ‘ఇదే మైకెలాంజెలో డేవిడ్, ఫోటోలు తీసుకోండి’ అన్నారు. అది నకలు. అసలు విగ్రహం మొదట అక్కడే ఉండేది, దాన్ని 1873లో అకాడెమియాకు తరలించారు. ఎండావానలకు పాడవకుండా లోపల పెట్టారు. గ్రూపులో ఉన్న పెద్దవారు, పిల్లలు ఆ నకలునే అసలు విగ్రహమనుకుని తృప్తిగా ఫోటోలు తీసుకున్నారు. ఇంకా చూడటానికి ఏమీ లేదన్నట్టు మేనేజరు అక్కడి నుంచి తోలు సంచుల దుకాణానికి దారి తీశారు. నకలు కూడా చూడదగినదే. కాని నకలు చూపిస్తూ నకలని చెప్పకపోవడం అబద్ధమే.

కొలోసియం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది అక్కడే. 2023 అక్టోబరు నుంచి కొలోసియం టికెట్ల మీద సందర్శకుడి పేరు ఉంటుంది. ద్వారం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. సాధారణ టికెట్ ధర 18 యూరోలు, అందులో రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ కూడా ఉంటాయి. అధికారిక వెబ్‌సైటులో ఆ టికెట్లు సందర్శన తేదీకి 30 రోజుల ముందు మాత్రమే అమ్మకానికి వస్తాయి, వచ్చిన కాసేపటికే మంచి సమయాలు అయిపోతాయి. అందుచేత జూన్ నెలలో మీ పాస్‌పోర్టు వివరాలు కూడా తీసుకోకుండా ‘అక్టోబరు టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి’ అని ఎవరైనా చెబితే, ఆ మాటకు ఆధారం అడగండి. మాకూ అలాగే చెప్పారు. తీరా వెళ్లాక కాన్‌స్టంటైన్ తోరణం దగ్గర బస్సు దింపి, బయటి నుంచి చూపించారు. లోపలికి వెళ్లాలనుకునేవారి కోసం అక్కడ ఒక వ్యక్తిని పిలిచి, అసలు ధరకు దాదాపు మూడింతలు చెప్పించారు. ఇది ఎంత పాత వ్యాపారమో తెలుసుకోవాలంటే, ఇటలీలో వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు చూడండి. కొలోసియం టికెట్లను సాధారణ ప్రజలకు అందకుండా చేసి, ఎక్కువ ధరకు తిరిగి అమ్మిన వ్యవహారంలో, అంతకుముందు టికెట్ల అమ్మకం చూసిన కోప్‌కల్చర్ అనే సంస్థకూ మరికొన్ని టూర్ సంస్థలకూ కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా విధించారు.

ఇక భోజనం సంగతి. ఈ ప్యాకేజీ మేము కొన్నదే అందుకోసం. శరదృతువులో ఇటలీకి వెళ్లేవారికి దొరికే రుచులు వేరు. అడవి పుట్టగొడుగులైన పోర్చీనీ వంటకాలు, వీధుల్లో కాల్చి అమ్మే చెస్ట్‌నట్లు, ద్రాక్ష కోతల సమయంలో ఫ్లోరెన్స్ బేకరీలు చేసే ద్రాక్షపండ్ల రొట్టె, నెలాఖరుకు వచ్చే కొత్త ఆలివ్ నూనె, మట్టిలో పెరిగే, ఘాటైన వాసన గల తెల్ల ట్రఫుల్ పుట్టగొడుగు: ఇవన్నీ ఈ కాలానివే. మా బ్రోషర్లో మాత్రం రోమ్ యూదుల వాడలో చేసే ఆర్టిచోక్ (పెద్ద మొగ్గలా ఉండే కూరగాయ) వేపుడు బొమ్మ వేశారు. రోమ్ పరిసరాల్లో పండే ఆ ఆర్టిచోక్ శీతాకాలం చివర మొదలై వసంతంలో దొరికేది, అక్టోబరులో పండదు. బ్రోషర్లో కాలానికి తగని వంటకం కనిపించిందంటే, తయారు చేసినవారికి ఆ భోజనం గురించి పట్టింపు లేదని అర్థం చేసుకోవచ్చు.

రోమ్‌లో ‘సాంప్రదాయ ఇటాలియన్ భోజనం’ పేరుతో రైల్వే స్టేషను దగ్గర ఒక హోటల్‌కు తీసుకెళ్లారు. అక్కడి మెనూ కార్డులో సగానికి పైగా వంటకాల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. గడ్డకట్టించి నిల్వ చేసిన సరుకు వాడినప్పుడు ఇటలీలో హోటళ్లు మెనూలో అలా గుర్తు పెడతాయి. ఎక్కడ తినాలన్నా ముందు ఆ నక్షత్రాలు చూడండి. మా అత్తగారు జీవితంలో మాంసం ముట్టని మనిషి. శాకాహారం కావాలని బుకింగ్ ఫారంలో రాసి ఇచ్చాం. ఆమె ముందు ఎర్రటి సాస్‌తో పాస్తా పెట్టారు. ఫోర్కుతో కదిపి చూస్తే గొట్టాల మధ్య గులాబీ రంగు ముక్కలు, అంచులకు మెరిసే కొవ్వు కనిపించాయి. ఆమె కంచం పక్కకు జరిపారు. ‘అది టమాటా సాసే ఆంటీ, తినేయండి, ఏమీ కాదు’ అని టూర్ మేనేజరు నవ్వుతూ చెప్పారు. అది అమత్రిచానా. గ్వాంచాలే అనే పంది దవడ మాంసం లేకుండా ఆ వంటకమే లేదు. నేను వెళ్లి వంటవారిని అడిగితే వారు దాచకుండా చెప్పారు. ఆ పూట ఆమె రొట్టె, పండు మాత్రమే తిన్నారు. ఆచారం పాటించే మనిషి కంచంలో పంది మాంసం పెట్టి, ఏమీ కాదని నవ్వడం నేను క్షమించలేకపోతున్నాను.

శాకాహారులు ఉన్న కుటుంబాలు ఈ సంగతులు తెలుసుకుని వెళ్లాలి. రోమ్‌లో పేరున్న పాస్తాల్లో కార్బొనారా, గ్రిచా, అమత్రిచానా మూడింటిలోనూ పంది మాంసం ఉంటుంది. కాచో ఎ పెపే అనేదానిలో మిరియాలు, పెకొరీనో చీజ్ మాత్రమే ఉంటాయి, కాని ఆ చీజ్ కోసం పాలను గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెనెట్ అనే పదార్థంతో విరగ్గొడతారు. పార్మిజానో చీజ్‌కు దూడ రెనెట్ వాడతారు. అది కూడా వద్దనుకునేవారికి చీజ్ లేని మరినారా పిజ్జా, ఫ్లోరెన్స్‌లో రొట్టె, టమాటాలతో చేసే పప్పా అల్ పొమొదోరో వంటివి దొరుకుతాయి. వండేటప్పుడు మాంసం రసం కలిపారా అని అడిగి తీసుకోవడం మంచిది. వెతికితే శాకాహారులకు అక్కడ కొదవ లేదు, కాని వెతికే మనిషి మనతో ఉండాలి. మేము డబ్బిచ్చినది అందుకే.

ఫ్లోరెన్స్‌లో ‘టస్కనీ భోజనం’ అంటే వడ్డించినది ఆ ఊరికి పేరు తెచ్చిన పెద్ద స్టేక్. అది గొడ్డు మాంసం. మన గ్రూపుల్లో చాలామంది తినరని తెలిసి కూడా షెడ్యూలులో ఆ మాట ఎక్కడా రాయలేదు. తినని వారికి బంగాళదుంపల వేపుడు పెట్టి, ధరలో తేడా ఇవ్వలేదు. తినేవారికి కూడా ఒక జాగ్రత్త చెబుతాను: ఆ మాంసాన్ని తూకానికి అమ్ముతారు, మెనూలో ఉన్న ధర కొన్నిచోట్ల 100 గ్రాములకు ఉంటుంది, ముక్క మాత్రం కిలోకు తగ్గదు. మనిషికి ఇంత చొప్పున బల్ల రుసుము వేయడం ఫ్లోరెన్స్‌లో మామూలే, మెనూలో రాసి ఉంటే అది మోసం కాదు. ట్రఫుల్ వేట పేరుతో కొండల మీది అడవికి బదులు ఒక దుకాణానికి తీసుకెళ్లి, నూనె చుక్కలు వేసిన రొట్టె ముక్కలు పెట్టారు. మార్కెట్లో దొరికే ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి ఆ వాసన ప్రయోగశాలలో తయారైన రసాయనం వల్ల వస్తుంది. సీసా వెనుక ‘అరోమా’ అని ఉంటే కొనకండి.

హోటల్ గురించి ఇంకొక్క మాట. షెడ్యూలులో ఫ్లోరెన్స్ హోటల్ పేరు రాసి, పక్కన ‘లేదా అదే స్థాయిది’ అని చేర్చారు. మేము దిగినది దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న మోంతెకాతీని తెర్మెలో. అది వేడినీటి బుగ్గలున్న చక్కని ఊరే, కాని ఫ్లోరెన్స్ కాదు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగం రైలులో గంటన్నర ప్రయాణం. మమ్మల్ని బస్సులో తీసుకెళ్లినందువల్ల సోమవారం ఉదయమంతా రోడ్డు మీదే గడిచింది. సాయంత్రం పొద్దుగూకే వేళకు వంతెన మీద నుంచి ఆర్నో నది చూద్దామనుకునేలోపే హోటల్‌కు బస్సు బయలుదేరింది. రోమ్‌లో హోటల్ స్థాయిని బట్టి మనిషికి, రాత్రికి ఇంత అని నగర పన్ను ఉంటుంది. నాలుగు నక్షత్రాల హోటల్‌లో అది 7.50 యూరోలు. ‘అన్నీ కలిపి’ అన్న ధరలో అది లేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

అందువల్ల మిగతా సొమ్ము కట్టేముందు షెడ్యూలును క్యాలెండరు పక్కన పెట్టి, ఏ తేదీ ఏ వారం పడుతుందో రాసుకుని, ప్రతి మ్యూజియం సెలవును దాని అధికారిక వెబ్‌సైటులో చూడండి. ఫోన్లో చెప్పిన మాట ఏదైనా సరే, ‘లోపలికి ప్రవేశం ఉంది, టికెట్ ధర ప్యాకేజీలో కలిసి ఉంది’ అని మెయిల్‌లో రాయించుకోండి. కొలోసియం టికెట్లను ప్రయాణానికి ముందే మీ పేర్లతో పంపమనండి. టికెట్ చూపించేదాకా ఆ భాగం సొమ్ము ఆపుకునే ఏర్పాటు అడగండి. హోటల్ వోచరు మీద ఊరి పేరు, పిన్ కోడ్ చూడండి. టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ అమ్మేటప్పుడు సంస్థ ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పేరుతో తీసుకున్న సొమ్ము మీ పాన్ కింద ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులోని పన్ను వివరాల్లో కనిపిస్తోందో లేదో కూడా చూసుకోండి, రిటర్ను వేసేటప్పుడు దాన్ని పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఈ ప్రశ్నలకు విసుక్కునే సంస్థ దగ్గర అడ్వాన్సు పోయినా సరే, బయటికి రావడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పటికే నష్టపోయినవారు ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మాకు ఆ దశలో వచ్చింది తదుపరి ప్రయాణంలో వాడుకునే క్రెడిట్ నోటు మాత్రమే, దాన్ని తీసుకోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కమిషన్‌కు వెళ్లవచ్చు, సంస్థ కార్యాలయం ఎక్కడ ఉన్నా సరే. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే అది జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది, 5 లక్షల దాకా రుసుము లేదు, ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు. బ్రోషరు, ఇన్‌వాయిస్, వాట్సాప్ సంభాషణలు, మూసి ఉన్న తలుపుల దగ్గర తేదీ పడేలా తీసిన ఫోటోలు మా ఫైలులో పెట్టాం. మా గ్రూపులోని మరో రెండు కుటుంబాలు కూడా తమ ఫోటోలు ఇచ్చాయి. మీలో ఎవరికైనా ఇలాంటి షెడ్యూలు చేతిలో ఉంటే, సంస్థ పేరు చెరిపి, తేదీలతో ఇక్కడ పెట్టండి. ఏ రోజు ఏది మూసి ఉంటుందో నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.