కమడోర్ 64, స్పెక్ట్రమ్ 48కె: ఏది ఎవరికి?

రెండూ 1982లోనే విడుదలైన ఇంటి కంప్యూటర్లు. బ్రిటన్ పిల్లలు వీటి కోసం జట్లుగా చీలి వాదించుకున్నారు. ఇప్పుడు పాతది కొనాలనుకునేవాళ్లకూ అదే సందేహం.

ధర: స్పెక్ట్రమ్ అప్పట్లో 175 పౌండ్లు. కమడోర్ తొలి రోజుల్లో సుమారు రెట్టింపు.

బొమ్మ: స్పెక్ట్రమ్‌లో 8×8 చుక్కల గడికి రెండే రంగులు, అందుకే కదిలే బొమ్మకు పక్క రంగు అంటుకుంటుంది. కమడోర్‌లో 8 స్ప్రైట్లు (విడిగా కదిలించగల చిన్న బొమ్మలు), నున్నటి స్క్రోలింగ్.

శబ్దం: స్పెక్ట్రమ్‌ది ఒట్టి బీపర్. కమడోర్‌లోని సిడ్ చిప్ మూడు స్వరాలు పలుకుతుంది. ఇక్కడ పోటీయే లేదు.

క్యాసెట్ (ఆటలు దీన్నుంచి ఎక్కించేవారు): స్పెక్ట్రమ్‌కి మామూలు టేప్ రికార్డర్ చాలు. కమడోర్‌కి దాని సొంత టేప్ యంత్రం డేటాసెట్టే కావాలి.

రిస్క్: అసలు జాగ్రత్త ఇక్కడే. కమడోర్‌తో వచ్చిన పాత పవర్ అడాప్టర్ వాడొద్దు. లోపలి రెగ్యులేటర్ చెడితే 5 వోల్టుల లైను పైకెక్కి మెమరీ చిప్స్ కాలిపోతాయి. కొత్త అడాప్టర్‌ని కూడా మల్టీమీటర్‌తో కొలిచాకే తగిలించండి. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టులు, ప్లగ్ మధ్యభాగం నెగటివ్. తిరగబడితే బోర్డు దెబ్బతింటుంది. దాని కీబోర్డు మెంబ్రేన్ (కీల కింది పల్చటి పొర) పెళుసెక్కి కొన్ని కీలు పలకవు, కానీ మార్చడం తేలికే.

సంగీతం, యాక్షన్ ఆటలు ముఖ్యమైతే కమడోర్. చోటు తక్కువై, దాని ప్రాసెసర్ అయిన జెడ్80 మెషిన్ కోడ్ నేర్చుకోవాలనుంటే స్పెక్ట్రమ్.