ప్రిఫరెన్స్ షేర్లంట! టిఫిను తిని వెళ్ళిపొమ్మన్నారు

బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ళకి ఆ జీడిపప్పు కంపెనీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. షేర్లు అమ్మిందెవరో కూడా తెలుసు, ఊరందరికీ బావే. "మామూలు షేర్లు కావు బావా, ప్రిఫరెన్స్. ఏటా 9 శాతం, కావలిస్తే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు" అన్నాడు. ప్రిఫరెన్స్ అంటే, మామూలు (ఈక్విటీ) షేర్ల వాళ్ళకంటే ముందు డివిడెండు, అంటే లాభంలో వాటా, ఇవ్వాల్సిన షేర్లన్నమాట. రిటైర్మెంటు డబ్బులో 2 లక్షలు పోశాను. మొదటి ఏడు 18,000 వచ్చింది. తర్వాత మూడేళ్ళు సున్నా.

నిన్న బరంపురంలో వార్షిక సభ. లేచి, డివిడెండు మాటేమిటని అడిగాను. స్టేజీ మీద మైకు పట్టుకున్న మన బావ, హాలంతా వినాలని కాబోలు, ఒడియాలో అందుకున్నాడు. "మాస్టారూ, ప్రిఫరెన్స్ వాళ్ళకి ఓటే లేదు. ఈక్విటీ వాళ్ళని మాట్లాడనివ్వండి. మీరు టిఫిను తిని వెళ్ళండి." ఒకటే నవ్వులు. నాకు అంటగట్టిన రోజున మాత్రం తేనెలొలికే తెలుగు! పక్కనే ఉన్న ఆడిటరు కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. నేను ఉప్మా కూడా ముట్టకుండా బస్సెక్కేశాను.

రాత్రి మా తమ్ముడి కూతురు (సీఏ చదువుతోంది) సర్టిఫికెట్టు చూసి, "పెదనాన్నా, ఎందుకు లేచి వచ్చేశావు?" అంది. 2013 కంపెనీల చట్టం, 47వ సెక్షనట. మామూలుగా ప్రిఫరెన్స్ వాళ్ళ ఓటు తమ హక్కుల్ని నేరుగా తాకే తీర్మానాలకీ, కంపెనీ మూసివేతకీ, మూలధనం తగ్గింపుకీ మాత్రమే. కానీ ఇలాంటి పబ్లిక్ లిమిటెడ్‌లో రెండేళ్ళు డివిడెండు ఎగ్గొడితే అన్ని తీర్మానాల మీదా ఓటుంటుంది. నాకు మూడేళ్ళు ఎగ్గొట్టారు! అంటే నిన్న ఆ హాల్లో నాకు ఓటుంది. నా ఒక్క ఓటుతో కొంపలేం మునిగేవి కావు, అయినా ఉన్న హక్కుని లేదంటే తలాడించి వచ్చాను చూడండి, ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి.

సర్టిఫికెట్టు మీద "నాన్ క్యుములేటివ్" అని కూడా ఉంది. ఎగ్గొట్టిన ఏళ్ళ డివిడెండు పోయినట్టే. అసలు తిరిగిచ్చేది 15 ఏళ్ళకి. చట్టం 20 ఏళ్ళ దాకా ఒప్పుకుంటుందట, మావాడు దయతలిచాడు. అదీ లాభాల్లోంచో, కొత్త షేర్లు అమ్మిన డబ్బులోంచో ఇవ్వాలి. కంపెనీ మునిగితే ఈక్విటీ వాళ్ళకంటే ముందు నేనేనట, కాకపోతే నాకంటే ముందు బ్యాంకులు.

కొనేముందు "నాన్ క్యుములేటివ్" అని ఉందేమో, అసలు తిరిగిచ్చే తేదీ ఎప్పుడో చదవండి. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్‌లో 100 రూపాయలు కడితే కంపెనీ కాగితాలు కనబడతాయి. కటక్‌లో కంపెనీల రిజిస్ట్రార్‌కి ఫిర్యాదు రాస్తున్నాను, ఇవే షేర్లు ఉన్నవాళ్ళు సంతకానికి ఇన్‌బాక్స్‌లోకి రండి.